సెవిల్‌లో ఒక్క రోజు: అమ్మానాన్నలతో నిదానంగా చూడాలంటే?

కృష్ణాతీరం
మార్చి 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ నెల మూడో వారంలో స్పెయిన్ వెళ్తున్నాం. మాడ్రిడ్‌లో మావారికి ఆఫీసు పని. ఆయన పనిలో ఉండగా అమ్మానాన్నలను తీసుకుని నేను సెవిల్ వెళ్లి రావాలనుకుంటున్నాను. ముందు రోజు రాత్రికి చేరతాం, మూడో రోజు పొద్దున్నే రైలెక్కుతాం. చేతికి చిక్కేది ఒక్క నిండు రోజు. నాన్నకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

నేను వేసుకున్న వరుస ఇది. ఉదయం 8కి బయలుదేరి కథెడ్రల్ అనే పెద్ద చర్చి, దాని హిరాల్దా గోపురం, పక్కనే అల్కాసర్ కోట, ఇండీస్ దస్తావేజుల భవనం. 12కి భోజనం. తర్వాత బంగారు బురుజు, ప్లాసా దె ఎస్పాన్యా, మరియా లూయిసా పార్కు. సాయంత్రం పుట్టగొడుగుల ఆకారంలో ఉన్న ఆ చెక్క కట్టడం, త్రియానా పేట, రాత్రి ఫ్లమెంకో పాట, నాట్యం. వరుస సరిగ్గా ఉందా? అమ్మకు ఏం దొరుకుతుంది? వెళ్లివచ్చినవారు చెప్పగలరు.

బాటసారి
మార్చి 2, రాత్రి 11:15

కృష్ణాతీరం గారూ, చదువు కోసం ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నాను. నాకు ఎంతో ఇష్టమైన ఊరు కాబట్టి ఉన్నమాట చెప్తాను. మీ జాబితాలో సగం కొట్టేయండి. మీరు రాసుకున్నది పాతికేళ్ల కుర్రవాడికి కూడా రెండు రోజుల పని.

ముందు గడియారం సంగతి. స్పెయిన్ 1940 నుంచి మధ్య ఐరోపా సమయం పాటిస్తోంది, సెవిల్ చూస్తే పడమటి కొసన ఉంది. అందువల్ల మార్చిలో అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో ఒంటిగంటన్నర అవుతుంది. తెల్లవారేదే ఏడున్నరకు. అందుకే మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిదికి. పన్నెండింటికి భోజనానికి వెళ్తే చాలాచోట్ల వంటగది పొయ్యి వెలిగించి ఉండదు. నాలుగింటికి వెళ్తే ఆర్పేసి ఉంటుంది. ఎనిమిదింటికి బయలుదేరితే చలిలో మూసిన తలుపులు చూస్తారు.

తొమ్మిదిన్నరకు లేచివచ్చి కాఫీ తాగండి. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా హోటల్‌కు వెళ్లి నాన్నగారిని పడుకోనివ్వండి. ఆ ఊరివాళ్లే చేసే పని అది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూడండి, మధ్యలో తినండి.

గుంటూరు ఘాటు
మార్చి 3, ఉదయం 7:05

బాటసారి గారితో నేను ఏకీభవించను. అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ వెళ్లేది లేదు. అంత దూరం వెళ్లి కథెడ్రల్ చూడకుండా ఎలా వస్తారు? విస్తీర్ణంలో ప్రపంచంలోనే అతి పెద్ద గోథిక్ కథెడ్రల్ అది. కొలంబస్ సమాధి అక్కడే ఉంది. నాలుగు రాజ్యాలకు గుర్తుగా నలుగురు కంచు భటులు శవపేటికను భుజాన మోస్తున్నట్టు ఉంటుంది. 1506లో వయ్యదోలిద్‌లో చనిపోయిన మనిషి అస్థికలను సెవిల్‌కు, అక్కడి నుంచి సముద్రం దాటించి సాంతో దొమింగోకు, తర్వాత హవానాకు, చివరికి మళ్లీ సెవిల్‌కు చేర్చారు. పోయాక కూడా అట్లాంటిక్‌ను రెండుసార్లు దాటాడు.

ఇండీస్ దస్తావేజుల భవనం కూడా వదలకండి. ఇండీస్ అంటే వాళ్ల మాటలో ముఖ్యంగా అమెరికా ఖండాలు. 1785లో మూడో కార్లోస్ రాజు ఏర్పాటు చేశాడు. ప్రవేశం ఉచితం, పావుగంటలో అయిపోతుంది. మా జిల్లావాడిగా నాకు ఆ భవనం ముందు నిలబడితే మాట రాలేదు. 1503 నుంచి 1717 దాకా అమెరికా ఖండాలతో స్పెయిన్ వ్యాపారం చాలావరకు ఈ నదీ రేవు గుండా, ఈ ఊరి అనుమతితో నడిచింది. మన మిరపకాయ పుట్టిల్లు ఆ ఖండమే. అది స్పెయిన్ వాళ్ల ఓడల్లో ఐరోపాకు వచ్చింది, పోర్చుగీసువాళ్ల చేతుల మీదుగా గోవాకు, అక్కడి నుంచి మనకూ వచ్చింది. గుంటూరు యార్డులో మిరప టిక్కీలు చూస్తూ పెరిగినవాడు ఆ నది చూడాల్సిందే.

కృష్ణాతీరం
మార్చి 3, ఉదయం 8:30

ఘాటు గారూ, మిరపకాయ మాట చెప్తే నాన్న తప్పకుండా లోపలికి వస్తారు! హిరాల్దా ఎక్కడం మోకాళ్లకు కష్టమా? మెట్లు ఉండవని ఎక్కడో చదివాను.

బాటసారి
మార్చి 3, ఉదయం 10:20

నిజమే. 12వ శతాబ్దం చివర అల్మోహదులు అనే ముస్లిం పాలకులు మసీదు మినారుగా కట్టినప్పుడు, ప్రార్థనకు పిలిచే మనిషి గుర్రం మీదే పైకి వెళ్లేందుకు వీలుగా లోపల ఏటవాలు దారి వేశారు. అలాంటివి 35 మలుపులు, చివర్లో కొన్ని మెట్లు. గంటలున్న పైభాగం 16వ శతాబ్దంలో చర్చి వాళ్లు చేర్చింది. మెట్లు లేకపోయినా ఎక్కుడు ఎక్కుడే, దిగుడు ఇంకా కష్టం. కింద నారింజ చెట్ల ముంగిట్లో నిలబడి తలెత్తి చూసినా తృప్తిగా ఉంటుంది. ఆ ముంగిలి కూడా పాత మసీదుదే.

నీలిగన్నేరు
మార్చి 3, మధ్యాహ్నం 1:10

ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు అల్కాసర్‌కు. కథెడ్రల్ లోపల చీకటి, చలి, నిలబడటమే ఎక్కువ. అల్కాసర్‌లో కూర్చోవడానికి తోట ఉంది, నీటి చప్పుడు ఉంది, నెమళ్లు తిరుగుతుంటాయి. ఎండ కాస్తే చెట్ల కిందకు వెళ్లొచ్చు.

ఇంకో కారణం. 1364లో ఆ ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టిన పేద్రో క్రైస్తవ రాజు. గ్రనాదా ముస్లిం రాజు దగ్గరి నుంచి, తొలేదో నుంచి పనివాళ్లను రప్పించుకుని అరబ్బీ పద్ధతిలోనే కట్టించుకున్నాడు. గోడల మీద అరబ్బీ రాతలు, ఆ రాతల్లో ఆయన్ను సుల్తాన్ అని సంబోధించడం కూడా కనిపిస్తుంది. పక్కనున్న గ్రనాదా రాజు ఆయనకు మిత్రుడు, వాళ్ల చేతిపని మీద ఆయనకు మోజు. మంటపాల్లో కిందివైపు రంగు పింగాణీ పలకలు, పైన పొడుచుకొచ్చిన జిప్సం నగిషీ. అమ్మగారికి ముగ్గులు వచ్చి ఉంటే ఆ పలకల దగ్గర కాసేపు వదిలేయండి. మా అత్తగారు చుక్కలు లెక్కపెట్టుకుంటూ అరగంట నిలబడిపోయారు.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి. పొద్దున మొదటి గంట ప్రశాంతంగా ఉంటుంది.

అనంత
మార్చి 3, సాయంత్రం 6:45

ఊరి విషయంలో నేను చెప్పగలిగింది తక్కువ. ఒక సంఘటన మాత్రం చెప్పాలనిపించింది. నాలుగేళ్ల కిందట సెవిల్‌లో జ్వరం మాత్రల కోసం ఒక మందుల దుకాణానికి వెళ్లాను. అక్కడి ఆవిడ ఏ దేశం అని అడిగితే భారత్ అన్నాను. ఏ ఊరు అని అడిగింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటూ అనంతపురం అన్నాను. ఆవిడ కౌంటరు దాటి ఇవతలకు వచ్చింది. ఫోనులో ఒక ఫొటో చూపించింది. రెండు జడలు, నీలం యూనిఫాం వేసుకున్న పాప. వాళ్లమ్మ ఇరవై ఏళ్లుగా మా జిల్లాలో ఒకరి తర్వాత ఒకరుగా పిల్లల చదువుకు డబ్బు పంపుతోందట.

విసెంతె ఫెర్రర్ గారు బార్సిలోనాలో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సేవాసంస్థ స్థాపించి, 2009లో అక్కడే కన్నుమూశారు. మా మేనమామ కంటికి వైద్యం జరిగింది ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రిలోనే. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. ఆ దుకాణంలో కళ్లు చెమర్చాయి. స్పెయిన్‌లో ఎవరైనా ఊరు అడిగితే కృష్ణా జిల్లా అని ఊరుకోకండి, అనంతపురం పక్క రాష్ట్రం కాదు, మా రాష్ట్రమే అని చెప్పండి.

వంటింటి కిటికీ
మార్చి 4, ఉదయం 9:00

అమ్మగారి భోజనం సంగతి నాకు వదిలేయండి. శాకాహారిగా పది రోజులు సెవిల్ ఉన్న అండలూసియా ప్రాంతమంతా తిరిగాను.

మొదట, "శాకాహారం" అంటే అక్కడ చాలామందికి "మాంసం ముక్క కనపడకపోతే చాలు" అనే. సలాడ్‌లో ట్యూనా చేప వేస్తారు, సూపు మీద పంది మాంసపు తరుగు చల్లుతారు. అందుకే విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నె, సిన్ హామోన్, సిన్ అతూన్, సిన్ వేవో. మాంసం, పంది తొడ మాంసం, ట్యూనా, గుడ్డు, ఏవీ వద్దని. కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది.

పొద్దున తోస్తాదా. కాల్చిన రొట్టె మీద తురిమిన టమాటా, ఆలివ్ నూనె, ఉప్పు. మూడు వస్తువులే, అయినా ఆ నూనె వాసనకు ఇంకేం అక్కర్లేదు. మధ్యాహ్నం ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్, అంటే పాలకూర, కాబూలీ సెనగలు. సెవిల్ సొంత వంటకం ఇది. వెల్లుల్లి, జీలకర్ర, పొగ వాసన వచ్చే ఎర్ర మిరప్పొడి, చివర్లో కాస్త వెనిగర్. ఘుమఘుమకే మన ఇంటికి వచ్చినట్టుంటుంది. వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పానకం పోసి ఇచ్చేది ఇంకొకటి. ఆలుగడ్డ తోర్తియా అమ్మగారికి కుదరదు, అందులో గుడ్డే ఎక్కువ. సాల్మోరెహో అనే చల్లటి టమాటా సూపు బాగుంటుంది గానీ, పైన గుడ్డు, హామోన్ చల్లకుండా ఇమ్మని గట్టిగా చెప్పండి.

ఒక ముందు మాట. చాలా బార్లలో పంది తొడలు దూలాలకు వేలాడుతుంటాయి, కారే కొవ్వు పట్టడానికి ఒక్కోదాని కింద బుల్లి గొడుగును తిరగేసినట్టు గిన్నె గుచ్చి ఉంటుంది. అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి, లేదా బయట బల్ల దగ్గర కూర్చోండి.

సాగరకెరటం
మార్చి 4, మధ్యాహ్నం 12:25

చేపలు తినేవాళ్ల తరఫున ఒక్క మాట. కసోన్ ఎన్ అదోబో వదలకండి. చిన్న సొరచేప ముక్కలను వెనిగర్, వెల్లుల్లి, జీలకర్ర, ఓరిగానోలో నానబెట్టి పిండి అద్ది వేయిస్తారు. విశాఖలో సొరపిట్టు తిని పెరిగిన నాకు సొరచేపను ఇలా కూడా చేయొచ్చని అక్కడే తెలిసింది. తాపా అడిగితే చిన్న పళ్లెం, మేదియా అంటే సగం, రాసియోన్ అంటే నిండు పళ్లెం. తాపాలే నాలుగు రకాలు తెప్పించుకోండి.

ఆదితాళం
మార్చి 4, రాత్రి 10:50

ఫ్లమెంకో గురించి ఎవరూ చెప్పలేదు. ఖరీదైన భోజనంతో కలిపి అమ్మే ప్రదర్శనలకు వెళ్లకండి, పళ్లేల చప్పుడులో పాట వినపడదు. చిన్న గదిలో, మైకు లేకుండా, గంటసేపు చేసేవి ఉంటాయి.

వినేటప్పుడు చప్పట్లు గమనించండి. సొలెఆ లాంటి రీతుల్లో 12 అక్షరాల ఆవర్తం. ఊనికలు 3, 6, 8, 10, 12 మీద పడతాయి. మొదట మూడేసి, తర్వాత రెండేసి. మన తాళాలు వేసే చేయి దాన్ని మూడోసారికి పట్టేస్తుంది. ఈ కళను పెంచి పోషించినవారిలో హితానోలు ముఖ్యులు. వాళ్ల పూర్వీకులు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి కదిలిన రోమా జనం. 1425 నాటికి స్పెయిన్‌లో వాళ్ల జాడ కాగితాల మీద కనిపిస్తుంది. త్రియానా ఒకప్పుడు వాళ్ల పేట. గత శతాబ్దం మధ్యలో ఇళ్లు ఖాళీ చేయించి ఊరి శివార్లకు పంపేశారు. ఇవాళ అక్కడి వీధుల్లో వాళ్ల పాట పేరు చెప్పి వ్యాపారం నడుస్తోంది గానీ, ఆ కుటుంబాలు చాలావరకు అక్కడ లేవు. ఆ మాట తెలిసి వెళ్లడం ధర్మం అనిపిస్తుంది నాకు.

బాటసారి
మార్చి 5, ఉదయం 8:15

అందరి మాటా కలిపి నా సలహా. పదింటికి అల్కాసర్. బయటికి వచ్చాక ఘాటు గారి కోసం దస్తావేజుల భవనంలో పావుగంట. ఒంటిగంటన్నరకు సాంతా కతలీనా చర్చి పక్కన 1670 నుంచి నడుస్తున్న ఎల్ రింకోన్సీయో. పాలకూర సెనగలు అక్కడ తినండి. తర్వాత నిద్ర. అయిదున్నరకు ప్లాసా దె ఎస్పాన్యా. సూర్యాస్తమయానికి త్రియానా వంతెన. దూరాలకు టాక్సీ. అంతే.

కృష్ణాతీరం
మార్చి 24, రాత్రి 8:05

వచ్చేశాం! ఒక్కొక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వివరంగా రాస్తాను, మీరంతా కలిసి వేసిన రోజు కదా.

రైలు దిగి టాక్సీ కిటికీ దించగానే అమ్మ "మల్లెపూలా?" అంది. వీధుల నిండా నారింజ చెట్లు పూశాయి. మల్లె, నిమ్మపూత కలిపినట్టు ఉంటుంది ఆ వాసన. రాత్రిపూట ఇంకా చిక్కగా ఉంది. దాన్ని అక్కడ అసాహర్ అంటారట.

పొద్దున తోస్తాదా తిని అల్కాసర్ వెళ్లాం. నీలిగన్నేరు గారూ, మీ అత్తగారి లాగే మా అమ్మా నిలబడిపోయింది. "ఇది ఎనిమిది మూలల నక్షత్రం, ఇక్కడ గీత విరగకుండా పక్క నక్షత్రంలోకి పోతోంది చూడు" అంటూ గాలిలో వేలితో గీస్తూ పోయింది. నాన్న కన్యల ముంగిట్లో కూర్చున్నారు. మధ్యలో నీటి కాలువ, దాని రెండు పక్కలా నేలమట్టానికి దిగువగా తోట. ఆ తోట శతాబ్దాల పాటు పాలరాతి నేల కింద కప్పబడిపోయి, ఈ శతాబ్దంలో తవ్వితే మళ్లీ బయటపడిందని ఆడియోలో విని, "చెట్ల తలలు మన కాళ్ల దగ్గర ఉంటే, నడిచేవాడి చేతికి పళ్లు అందుతాయి, బాగా ఆలోచించాడు" అన్నారు. రెండున్నర గంటలు ఉన్నాం. తొందరపడి ఉంటే ఆ మాటలేవీ వినేదాన్ని కాదు.

దస్తావేజుల భవనంలో నాన్న మిరపకాయ సంగతి అక్కడి గార్డుకు నాతో ఇంగ్లీషులో చెప్పించారు. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు.

ఎల్ రింకోన్సీయోలో మేం నిలబడి తినలేదు, లోపల బల్ల దొరికింది. కౌంటరు దగ్గర ఆ పెద్దాయన చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, ఎవరు ఏం తీసుకున్నారో వాళ్ల ముందున్న చెక్క మీదే అంకెలు వేస్తున్నాడు. లెక్క చెల్లించగానే అరచేత్తో తుడిచేస్తున్నాడు. కిరాణా కొట్టులో పనిచేసిన నాన్న ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు. "కూడిక పైనుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి చేస్తున్నాడు, మా షావుకారు కూడా అంతే" అన్నారు. పాలకూర సెనగల చిన్న మట్టి గిన్నె వచ్చింది. అమ్మ ఒక ముద్ద తిని, "ఇందులో రొట్టె నూరి వేశారు" అంది. రెండోసారి తెప్పించుకుంది. ప్రయాణం మొత్తంలో ఆమె రెండోసారి అడిగిన తిండి అదొక్కటే.

నిద్ర లేచాక నేను ఒక్కదాన్నే సాన్ లెఆంద్రో మఠానికి వెళ్లాను. సన్యాసినులు బయటికి కనిపించరు. గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అర ఉంది. గంట కొట్టి, కావలసింది చెప్పి, డబ్బు అందులో పెట్టాలి. అర తిరిగింది. డబ్బు లోపలికి పోయి, యేమాస్ అనే మిఠాయి పెట్టె ఇవతలికి వచ్చింది. "గ్రాసియాస్, ఇహా" అని ఒక ముసలి గొంతు వినిపించింది. ఇహా అంటే అమ్మాయి అని తర్వాత తెలిసింది. గుడ్డు సొనలో చక్కెర కలిపి చేసేది కాబట్టి అమ్మ తినలేదు. ఆ గొంతు సంగతి చెప్తే మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

ప్లాసా దె ఎస్పాన్యా 1929 ప్రదర్శన కోసం అనీబల్ గొన్సాలెస్ కట్టిన అర్ధచంద్రాకారపు భవనం. ప్రావిన్సుకొకటిగా పింగాణీ పలకల అరుగులు ఉన్నాయి, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. నాన్న మోకాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. మంటపం కింద ఒకమ్మాయి చెక్క పలక మీద ఆడుతోంది, పక్కన గిటారు, ఒకాయన చప్పట్లు. ఆదితాళం గారూ, మీరు రాసినది నాన్నకు చదివి వినిపించాను. నాలుగైదు ఆవర్తాలు పెదవులతో లెక్కపెట్టుకున్నారు. తర్వాత ఆయన వేళ్లు తొడ మీద ఆ అమ్మాయి మడమతో కలిసి పడ్డాయి. భజన గోష్ఠిలో ముప్ఫై ఏళ్లు తాళం వేసిన చేయి. ఆ అమ్మాయి చూసి తల ఊపింది. ఇక రాత్రి ప్రదర్శనకు టికెట్లు కొనలేదు.

ఒకటే చేదు. రాత్రి ఒక హోటల్లో, పేరు రాయను, కాగితం చూపించి మరీ చెప్పినా సాల్మోరెహో మీద మాంసపు తరుగు వేసుకొచ్చారు. తిరిగి ఇస్తే తరుగు తీసేసి అదే గిన్నె తెచ్చారు. అంచున గులాబీ రంగు నలుసు కనిపించింది. అమ్మ ఏమీ అనలేదు, చెంచా పక్కన పెట్టేసింది. నాకు మాత్రం చాలా కోపం వచ్చింది. లేచి వచ్చేశాం. త్రియానా వంతెన అవతల ఒక చిన్న దుకాణంలో వేడి చుర్రోలు (నూనెలో వేయించిన పిండి కడ్డీలు) తిని ఆకలి తీర్చుకున్నాం. నీటి మీద దీపాలు, వంతెన మీద కుర్రకారు. అమ్మ "మన ప్రకాశం బ్యారేజీ దగ్గర కూడా ఇలాగే కూర్చునేవాళ్లం, మీ నాన్నా నేనూ, పెళ్లయిన కొత్తలో" అంది. ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

కథెడ్రల్ లోపలికి వెళ్లలేదు ఘాటు గారూ. క్షమించండి.

నీలిగన్నేరు
మార్చి 24, రాత్రి 9:30

చదువుతుంటే కడుపు నిండింది. ఆ చెట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నారింజను వాళ్లు నరాంహ అంటారు. సంస్కృత నారంగం పర్షియాకు, అరబ్బుకు వెళ్లి, అరబ్బులతో స్పెయిన్ చేరింది. వీధిలో కాసేవి పుల్లటి, చేదు రకం, నేరుగా తినలేరు. ఇంగ్లాండువాళ్లు మార్మలేడుకు, అంటే నారింజ తొక్కల జామ్‌కు కొనుక్కునేది ఈ రకమే. మన నారదబ్బ లాగే ఊరగాయకు సరిపోతుందని చూడగానే అనిపించింది. కానీ వీధి చెట్లవి కోయకూడదు, వాహనాల పొగ పట్టి ఉంటాయి.

గుంటూరు ఘాటు
మార్చి 25, ఉదయం 6:50

క్షమాపణ ఎందుకమ్మా, నాన్నగారు గార్డుకు మిరపకాయ చరిత్ర చెప్పించారు, నాకు అది చాలు. కథెడ్రల్ ఎటూ పోదు. బాటసారి గారి మాటే సరైనదని ఒప్పుకుంటున్నాను. నేను అక్కడ మూడు రోజుల్లో 14 చోట్లు చూశాను. మా ఆవిడ అక్కడ ఏమన్నదో ఒక్క మాట గుర్తు లేదు.

వంటింటి కిటికీ గారూ, ఆ పాలకూర సెనగలు ఎలా చేస్తారో రాయగలరా? రొట్టె నూరడం అర్థం కాలేదు.

వంటింటి కిటికీ
మార్చి 25, ఉదయం 11:40

కాబూలీ సెనగలు రాత్రి నానబెట్టి మెత్తగా ఉడికించండి, ఆ నీళ్లు పారబోయకండి. ఆలివ్ నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక రొట్టె ముక్క ఎర్రగా వేయించి తీయండి. రోట్లో చెంచా జీలకర్ర, ఉప్పు వేసి ముందు నలపండి, తర్వాత వెల్లుల్లి, రొట్టె వేసి నూరండి. చెంచా వెనిగర్ వేస్తే ముద్దవుతుంది. అదే కూరకు చిక్కదనం. మిగిలిన నూనెలో పొయ్యి తగ్గించి మిరప్పొడి వేయండి, మాడితే చేదు. వెంటనే ఉడికించి పిండిన పాలకూర, సెనగలు, ఆ ముద్ద, గరిటెడు సెనగల నీళ్లు. పది నిమిషాలు. జారుగా కాకుండా, గరిటెకు అంటుకునేలా దించండి. అక్కడి మిరప్పొడికి కారం ఉండదు. మీ ఊరి కారం వేసేటట్టయితే పావు చెంచా చాలు.

గుంటూరు ఘాటు
మార్చి 30, మధ్యాహ్నం 2:20

పండుగ నాడు చేశాం. పాలకూర దొరకక తోటకూర వేశాం. మా ఆవిడ రోట్లో రొట్టె నూరుతుంటే పక్కింటివాళ్లు వచ్చి చూశారు. కారం పావు చెంచా అన్నారు, నేను అర వేశాను. పచ్చడి తిన్న నోటికి అదే సరిపోయింది.